చెంపకు తెలిసే వెలుగు

ఇంగ్లీషులో వెలుగుకు వంద మాటలున్నాయి. ఆ వందా నాకు కంఠస్థం. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి, దేనికీ దేనికీ ఎక్కడ తేడా వస్తుందో చెప్పగలిగిన మాస్టారు విజయనగరం, శ్రీకాకుళం రెండు జిల్లాల్లోనూ నేనొక్కణ్నే. మా బడి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి ఒకాయన నా పాఠం విని, కుర్చీలోంచి లేచి నిలబడి, కళ్లు తుడుచుకున్నాడు.

ఇందులో కొంత తగ్గించాలి. వంద లేవు. పాతిక ఉంటాయేమో, అందులో ఐదారు నేను నిఘంటువులో తప్ప ఎక్కడా చూడలేదు. అధికారి లేచి నిలబడ్డ మాట నిజమే. ఆయన రైలుకి వేళయింది. కళ్లు తుడుచుకున్న మాటా నిజమే. నెల్లిమర్లలో మా బడికి గాలివాటున జూట్ మిల్లు ఉండేది. ఆ నార దుమ్ముకి కొత్తగా వచ్చినవాళ్లెవరికైనా కళ్లు కారేవి.

ఇప్పుడు నా కళ్ల సంగతి. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంట్లో, ఓరగా వేసిన తలుపు సందులోంచి పక్కగది దీపం కనిపించినంత, చిన్న వెలుగు ముక్క ఒకటి మిగిలింది. ఇది చెప్పడం మొదలుపెట్టేనాటికి మిగిలింది. అది ఉంటుందా పోతుందా అన్నదొక్కటే ఇక నాకున్న వ్యవహారం. మధ్యలో గొప్పలు చెప్పుకుంటే ఓర్చుకోండి. గొప్ప లేకుండా మొదలుపెడితే నాకు మాట కదలదు.

నేను చెబుతుంటే ఫోను రాస్తోంది. దానికి మా యాస రాదు. మా యాసలో మాట్లాడితే ఏవేవో పిచ్చిరాతలు రాస్తుందట. అందుకని తరగతిలో నిలబడినట్టు తిన్నగా మాట్లాడుతున్నాను. మా ఇంట్లోవాళ్ల మాటలు మాత్రం మా బావమరిది తరవాత కూర్చుని, ఎలా అన్నవి అలా సరిచేసి పెడతానన్నాడు.

వెలుగు మాటల పాఠానికి నేను సంచీ తీసుకుని వెళ్లేవాణ్ని. సంచీలోంచి ముందు ఇత్తడి చెంబు తీసేవాణ్ని, చింతపండుతో తోమినది. కిటికీ దగ్గర పట్టుకుంటే, మీద పడిన వెలుగును అది నెమ్మదిగా, మర్యాదగా తిరిగి ఇచ్చేది. ఇది గ్లీమ్ అనేవాణ్ని. తరవాత గుప్పెడు గాజుముక్కలు బల్ల మీద పోసేవాణ్ని. సంతలో గాజుల బండి చూశారా, వెలుగు ముక్కముక్కలై కంట్లో గుచ్చుకుంటుంది, అందులో కొంచెం మోసం కూడా ఉంటుంది, ఇది గ్లిటర్. మిల్లులో పనిచేసేవాళ్ల పిల్లలు ఇళ్ల నుంచి నార పోగులు తెచ్చేవాళ్లు. మంచి నారకి పట్టులాంటి నిగనిగ ఉంటుంది. అది లస్టర్. అది పైన పడిన వెలుగు కాదు, లోపల ఊరిన వెలుగు.

ఒకసారి గ్లిసన్ కోసం చేపను తీసుకెళ్లాను. గ్లిసన్ అనాలంటే తడి ఉండి తీరాలి. ఎండిన వస్తువు ఎంత మెరిసినా అది గ్లిసన్ కాదు. చంపావతిలో అప్పుడే పట్టిన చేప, ఇంకా తోక ఆడిస్తోంది, బల్ల మీద పెడితే తరగతి అంతా ఊపిరి బిగబట్టింది.

తోక ఆడించడం నేను కలిపింది. చేప బజార్లో కొన్నది, నిన్నటిది. దాని మీద చెంబుతో నీళ్లు చల్లితేగాని గ్లిసన్ రాలేదు. మధ్యాహ్నానికి గది కంపుకొట్టి, హెడ్మాస్టరు నన్ను పిలిచి పెట్టవలసిన నాలుగూ పెట్టాడు.

సంచీలో ఎప్పుడూ దొరకని మాట ఒకటి ఉండేది. గ్లో. నిప్పు ఉండాలి, మంట ఉండకూడదు. దానికి నేను మా అమ్మను వాడుకున్నాను.

మా అమ్మ అడ్డపొగ తాగేది. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదవులు మూసేసేది. పొందూరు దగ్గర మా పల్లెలో ఆడవాళ్లు చాలామంది అలాగే తాగేవాళ్లు. తెలియనివాళ్లకు చెబితే నమ్మరు. ఊడ్పుల్లో వానకు చుట్ట ఆరిపోకుండా అలా మొదలైందని కొందరంటారు. మగవాళ్ల కంట పడకుండా అని కొందరంటారు. నేను తరగతిలో ఏం చెప్పేవాణ్నంటే, చీకటి పడితే మా అమ్మ బుగ్గలు లాంతరు గాజులా ఎర్రగా వెలిగేవని, ఆ వెలుగులో కూర్చుని నేను ఏ బీ సీ డీలు దిద్దుకున్నానని. పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. వెనక బెంచీలో ఒకడు, "మాస్టారూ, మా అమ్మా అడ్డపొగే తాగుతాదండి, మరి మా ఇంట్లో సీకటిగానే ఉంటాదేటండి?" అన్నాడు. కూర్చోరా అన్నాను.

వాడిదే నిజం. బుగ్గ వెలగదు. పొయ్యి ఆరిపోయిన వంటింట్లో, బూడిద దులపడానికి ఆవిడ నోరు తెరిచినప్పుడు, లోపల ఎర్రగా ఒక్క క్షణం కనిపించేది. మళ్లీ పెదవులు మూసుకునేవి. అంతే. అయితే ఇంకొకటి ఉంది, అది నేను తరగతిలో ఎప్పుడూ చెప్పలేదు. నాకు జ్వరం వస్తే ఆవిడ తన చెంప తెచ్చి నా చెంపకు ఆనించి చూసేది. చుట్ట ఉన్న వైపు చెంప రెండో వైపు కన్నా వెచ్చగా ఉండేది. గ్లో అంటే ఇదీ అని చెప్పవలసింది. మిగతా మాటలన్నీ కంటికి చెందినవి, ఇదొక్కటే ఒంటికి కూడా తగులుతుంది అని చెప్పవలసింది. చెబితే ఎవరూ నోరు తెరవరని చెప్పలేదు. ఆ నిప్పే చివరికి మా అమ్మ అంగిలిని తినేసింది. అది కూడా చెప్పలేదు.

ఉద్యోగం అయిపోయాక మేం ఆమదాలవలస వచ్చేశాం. మా ఆవిడ పుట్టిల్లు అక్కడే. ఆవిడ తమ్ముడికి స్టేషనుకి వెళ్లే దారిలో ఎలక్ట్రికల్ షాపు ఉంది. బల్బులు, వైర్లు, ఫ్యాన్లు అమ్ముతాడు. పెళ్లిళ్లకు లైట్లు అద్దెకిస్తాడు. వాడు నన్ను బావా అంటాడు. మా ఆవిడ మాత్రం ఊళ్లో అందరూ పిలిచినట్టు నన్ను మాస్టారూ అనే పిలుస్తుంది. మొదట్లో వేళాకోళానికి మొదలుపెట్టింది, అదే ఉండిపోయింది.

ఇక్కడ మావాళ్ల గురించి ఒకటి చెప్పాలి. మా వైపు పుట్టి పెరిగినవాడికి వెలుగు తగ్గితే అనుమానం కంటి మీదకు పోదు. కరెంటు మీదకు పోతుంది. మేం పెరిగింది ఆ వెలుగులోనే మరి. సాయంత్రం పొలాల్లో మోటార్లు వేస్తే ఇంట్లో బల్బు కాస్తా ఎండుమిరపకాయ అయ్యేది, లోపల తీగ ఒక్కటే వానపాములా ఎర్రగా కనిపించేది. ఫ్యాను ఎంత నెమ్మదిగా తిరిగేదంటే, ఈగ ఒకటి రెక్క మీద కూర్చుని రెండు చుట్లు తిరిగి దిగిపోవడం నేను కళ్లారా చూశాను. సరే, చూడలేదు, కానీ చూసినా ఆశ్చర్యపోయేవాణ్ని కాదు. తుఫాను వస్తే స్తంభాలు పడిపోయేవి, ఇక ఎప్పుడొస్తుందో అడిగేవాడు ఉండడు, చెప్పేవాడు ఉండడు. అందుచేత చూపు మసకేస్తే మా నోట్లోంచి వచ్చే మొదటి మాట, "వోల్టేజీ లేదు."

నాకూ అదే వచ్చింది. సాయంత్రం పేపరు తీస్తే అక్షరాలు బూడిదలో పడ్డట్టు కనిపించడం మొదలైంది.

"వోల్టేజీ లేదే ఇయాల," అన్నాను.

"నాకు బాగానే ఉన్నాది గదా," అంది మా ఆవిడ.

"నీకేటి, బియ్యంలో రాయి కనిపిస్తే సాలు. నాది సదువు. సదువుకి ఎల్తురు కావాల."

బావమరిదికి కబురు వెళ్లింది. వాడు స్కూటరు దిగుతూనే పైకి చూసి పెదవి విరిచాడు.

"బావా, ఈ బల్బులో రగతం సచ్చిపోనాది. ఎన్నేళ్లయినాదో ఏటో. మార్సీద్దాం."

మార్చాడు. తెల్లగా వెలిగింది. నెల తిరిగేసరికి మళ్లీ బూడిద. వాడు దానికన్నా పెద్దది తెచ్చాడు. తరవాత రెండు పక్కలా రెండు. తరవాత ట్యూబులైటు. వాడు నా దగ్గర డబ్బు పుచ్చుకోలేదు. అక్క ఇల్లు, బావ చదువు. నాకు తగ్గేకొద్దీ వాడు పెంచుతూ పోయాడు. చివరికి పెళ్లిపందిళ్లలో పెట్టే ఫ్లడ్ లైటు తెచ్చి వసారాలో దూలానికి బిగించాడు. దాని దెబ్బకి చుట్టుపక్కల పురుగులన్నీ మా ఇంటికే కాపురానికొచ్చాయి. పోయే ఆటోవాడు ఒకడు ఆపి, "పెళ్లి ఎవలిదండీ?" అని అడిగాడు. రైళ్లు కూడా మా ఇంటి దగ్గరికొచ్చేసరికి నెమ్మదించి చూసుకుంటూ పోయేవి.

ఇల్లు స్టేషను పక్కన ఉంటే రైలు నెమ్మదించక ఏం చేస్తుంది.

ఆ రోజుల్లోనే ఒక వింత మొదలైంది. వెలిగే ప్రతి బల్బు చుట్టూ నాకు రంగుల వలయం కనిపించేది. లోపల నీలం, బయట ఎరుపు, మధ్యలో మిగతావి. సన్నటి ఇంద్రధనుస్సును తెచ్చి బల్బుకి ఉంగరంలా తొడిగినట్టు ఉండేది. దీనికి ఇంగ్లీషులో మాట ఉంది. హేలో. దేవుళ్ల బొమ్మల్లో తల వెనక పెడతారే, అది. ఇన్నేళ్లూ నేను తరగతిలో చెప్పడమే గాని చూసింది లేదు. పొంగిపోయాను.

"ఒరే, నీ బల్బు సామాన్యం కాదురా," అన్నాను బావమరిదితో. "సుట్టూ ఏడు రంగులు కడుతున్నాది."

వాడు తలెత్తి చూశాడు. వాడికి ఏమీ కనిపించలేదు. అయినా బావ ఇంగ్లీషు మాస్టారు. వెళ్లి షాపులో గిరాకీలతో చెప్పాడు: "ఇది పట్టుకెళ్లండి. మా బావకి దీని సుట్టూ ఏడు రంగులు కనపడతాయి. ఆయన మాటంటే మాటే." ఆ మాట మీద బల్బులు అమ్ముడయ్యాయి కూడా. నేను షాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే, కొన్నవాళ్లు నాకు చూపించి పోయేవాళ్లు. వెలిగించి చూపిస్తే, నేను తల పంకించి "ఉన్నాది, రంగు కడుతున్నాది," అనేవాణ్ని.

మా ఆవిడ ఒక సాయంత్రం వసారాలో నిలబడి ఆ ఫ్లడ్ లైటును చాలాసేపు చూసింది. "నాకు రంగులేటీ కనపడవేటి?" అంది.

"సూసే కన్నుండాల," అన్నాను.

నా నోటంట వచ్చిన మాటల్లో తిరిగి తీసుకోగలిగితే ఇదొక్కటి తీసుకుంటాను.

తరవాత మాటలు ఒక్కొక్కటీ వెళ్లిపోవడం మొదలైంది. మొదట షిమ్మర్ పోయింది. వైశాఖమాసపు ఎండలో రైలుపట్టాల మీద గాలి నీళ్లలా వణుకుతుంది చూడండి, అది షిమ్మర్. ఏటా ప్లాట్‌ఫారం చివర నిలబడి దాన్ని చూడటం నాకో అలవాటు. ఆ ఏడాది నిలబడితే పట్టాలూ లేవు, వణుకూ లేదు, తెల్లగా ఉతికిన పంచె ఒకటి ఎదురుగా కట్టినట్టుంది. ఎండ ఎక్కువైంది అనుకున్నాను. తరవాత గ్లిమ్మర్ పోయింది, దూరాన మినుకుమినుకుమనే బుడ్డిదీపం లాంటి వెలుగు. చెంబు మీద గ్లీమ్ పోయింది. మా ఆవిడ చింతపండు సరిగ్గా వెయ్యలేదనుకున్నాను. పక్కచూపు కూడా పోయింది, అది మాత్రం నాకు తెలియలేదు. సందులో ఆవును గుద్దుకుని, ఆవే నన్ను గుద్దిందని అందరికీ చెప్పాను. ఎద్దు అని కూడా చెప్పాను. కొమ్ములు చాచి వచ్చిన ఎద్దు.

ఎలా తెలిసిందంటే, ఒక రోజు మా వసారాలో కూర్చుని మా ఆవిడతో ఆవిడ తమ్ముడి సంగతులు చెబుతున్నాను. వాడు ఎంత పిసినారో, పెళ్లికిచ్చిన లైట్లు తిరిగి తెచ్చుకునేటప్పుడు పందిట్లో పులిహోర కూడా క్యారేజీలో ఎలా పెట్టించుకొస్తాడో, కొంచెం కలిపి, కొంచెం రంగేసి చెబుతున్నాను. మా ఆవిడ "ఒగ్గీండి, ఒగ్గీండి" అంటూ ఆపబోతోంది. నేను ఊపులో ఉన్నాను. అప్పుడు నా ఎడమ పక్కన, మూరెడు దూరంలో, కుర్చీ కిర్రుమంది.

"ఇక్కడే ఉన్నాను బావా," అన్నాడు వాడు. "నువ్వు మొదలెట్టకముందు నుండీ ఇక్కడే కూకున్నాను."

నేను నవ్వేశాను. "తెలుసురా, నీకోసమే సెప్తన్నాను," అన్నాను. వాడు నవ్వలేదు. నా ఎడమ చెవి పక్కన చెయ్యి ఆడించాడట. మా ఆవిడ తరవాత చెప్పింది. నేను ఎదురుగా చూస్తూ నవ్వుతూనే ఉన్నానట.

మర్నాడు సంతరోజు. వాడి షాపుకి అంతకు మించిన బేరం రోజు లేదు. షట్టరు దించేసి నన్ను రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్లాడు.

కంటాసుపత్రిలో నేను మహా చూపున్నవాణ్నని డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. గోడ మీది అక్షరాలు అట్టడుగు వరసదాకా గుక్క తిప్పుకోకుండా చదివాను. అసలు సంగతి ఏమిటంటే, నా ముందువాడు చదువుతుంటే వరసలో నిలబడి బట్టీపట్టాను. అక్షరాలతో బతికినవాణ్ని, ఆ మాత్రం చెయ్యలేనా. డాక్టరమ్మ చిన్నపిల్ల, నా ఆఖరి బ్యాచి పిల్లల వయసుంటుంది. చివరిదాకా విని, మెల్లిగా చెప్పింది. "మాస్టారూ, మీరు చదివింది ఇందాకటి బోర్డు. మీరు కూర్చోగానే మార్చేశాను."

తరవాత దీపాలు వేసి, తీసి, కంట్లో చుక్కలేసి, ఏదో యంత్రం మీద గడ్డం పెట్టించి చూసింది. నీటికాసులు అంది. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి, లోపలి నరం ఎండిపోయిందట. నొప్పి లేకుండా, చెప్పాపెట్టకుండా, పక్కల నుంచి లోపలికి తినుకుంటూ వస్తుందట.

"దీపాల చుట్టూ రంగు రంగుల వలయాలు ఎప్పుడైనా కనిపించేవా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకి సమాధానం చెప్పడానికి నాకన్నా అర్హుడు ఎవడుంటాడు. "చాలా అందంగా," అన్నాను.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "అప్పుడే వచ్చి ఉంటే..." అంది.  ఎన్నాళ్ల కిందటి మాట అని అడిగింది.  వెనకాల స్టూలు మీద కూర్చున్న మా బావమరిది చెప్పాడు.

"నేను బల్బులు మార్సినానండి," అన్నాడు.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. "ఏమిటండీ?"

"తగ్గినాదన్నప్పుడల్లా మార్సినాను. పెద్దయి ఏసినాను. అమ్మినాను గూడా." షాపు తాళాల గుత్తి జేబులోంచి తీసి మళ్లీ జేబులో పెట్టుకున్న చప్పుడు వినిపించింది. 

పోయింది రాదని చెప్పింది. ఆపరేషను చేసినా, చుక్కలు వేసినా, ఉన్నది నిలబెట్టడానికే అంది. నేను ఇంగ్లీషు మాస్టారినని ఎవరో చెప్పినట్టున్నారు, ధైర్యం చెబుదామని ఇంగ్లీషులో, కుడి కంట్లో ఇంకా ఒక గ్లిమ్మర్ ఉంది, దాన్ని కాపాడుకుందాం అంది. పాపం, మంచి పిల్ల. ఆ మాట ఆవిడ నోట చాలా తేలిగ్గా వచ్చింది. గ్లిమ్మర్ అంటే ఉన్నట్టూ లేనట్టూ ఊగేది. పిల్లలకు నేను చెప్పిన ఉదాహరణ, నూనె అయిపోవచ్చిన దీపం.

ఆపరేషనూ అయింది. ఫలితం లేదు. ఇంటికొచ్చాక మా ఆవిడ పొద్దునా సాయంత్రమూ చుక్కలు వేసేది. ఆవిడ వేళ్లకి వెల్లుల్లి వాసన, దాని మీద మందు వాసన. వేసిన తరవాత పరీక్ష పెట్టేది. ఎప్పుడో అటకెక్కించిన నా పాత సంచీ దింపి, ఒక్కొక్కటీ తీసి నా ముందు పట్టుకునేది.

"ఇదేటి?"

"ఇత్తడి సెంబు. గ్లీమ్. బాగా తోమినావు ఇయాల."

"సెంబు కింద ఎట్టీసినాను మాస్టారూ. ఇది మట్టిమూకుడు."

ఇద్దరం నవ్వాలి. ఒకరి కోసం ఒకరం ఆగాం. ఎవరం నవ్వలేదు.

ఇన్నేళ్ల కాపురంలో ఎన్నడూ అడగనిది, ఆవిడ ఆ మాటల గురించి అడగడం మొదలుపెట్టింది. గ్లిటరేటి, గ్లీమేటి, స్పార్కిలంటే ఏటి అని. నేను చెప్పాను. స్పార్కిల్‌లో సంతోషం ఉంటుంది, గ్లిటర్‌లో ఉండదు. ఫ్లాష్ వచ్చిపోతుంది, ఫ్లికర్ పోబోతూ వస్తుంది. డాజిల్ అంటే వెలుగు మరీ ఎక్కువై చూపునే కొట్టేస్తుంది. ఓపిగ్గా విన్నది. ఎంత ఓపిగ్గా అంటే, ఆవిడ నా చేత మాట్లాడించడానికే అడుగుతోందని నాకు అర్థమైంది.

ఆఖర్న, "ఇన్ని మాటలెందుకండీ? ఎల్తురు ఉన్నాదా నేదా, అంతే గదా?" అంది.

తరగతి గదిలో ఎవరైనా ఈ ప్రశ్న వేస్తే గంటసేపు జవాబు చెప్పేవాణ్ని.  కానీ నాకు కావలసిన మాటలు కూడా అప్పటికి రెండే అయిపోయాయి. ఉంది. లేదు.

అన్నిటికన్నా చివరిదాకా నన్ను పట్టుకుని ఉన్నది గ్లేర్. వెలుగు అనే మాటల్లో అది శత్రువు. కళ్లెర్రజేసి చూడటాన్ని కూడా ఇంగ్లీషువాళ్లు అదే మాటతో అంటారు. మంచి మాటలన్నీ పోయి అది మిగిలింది. వసారాలో ఫ్లడ్ లైటు వేస్తే నాకు మనుషులు కనిపించరు, వస్తువులు కనిపించవు, తెల్లగా కొట్టినట్టు ఉండేది. తీసెయ్యరా అని బావమరిదితో అన్నాను. వాడే నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఒక్కొక్కటీ విప్పాడు. ఫ్లడ్ లైటు, ట్యూబులైటు, రెండు పక్కలవీ.  నేను కింద నుంచి, "ఒరే, నీ బల్బుల్దేటి తప్పు, నా కన్నే లో వోల్టేజీ," అన్నాను. నిచ్చెన మీద మర తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

ఒక్క బల్బు ఉంచాడు. కానీ నాకు కొత్త ఇబ్బంది వచ్చింది. ఈ కాలపు బల్బులు చల్లగా ఉంటాయి. అది వెలుగుతోందో లేదో, నా తలుపు సందు తెరిచి ఉందో మూసుకుందో, దేనివల్ల ఏది కనిపించడం లేదో నాకు తేల్చుకునే దారి లేదు. కళ్లు బాగున్నవాడికి ఈ బాధ అర్థం కాదు. చీకటిగా ఉంటే, అది ఇంటి చీకటా నా చీకటా?

"ఒరే, నాకో పాత గుండు బల్బు కావాల," అన్నాను.

"గుండు బల్బేటి బావా! ఇప్పుడాటిని ఎవలు కొంతన్నారు? కోళ్లఫారాలోళ్లు తప్ప. కోడిపిల్లల్ని ఎచ్చగా ఉంచడానికి."

"అయితే నన్నూ ఓ కోడిపిల్లనుకో."

షాపు అటకంతా వెతికి, దుమ్ముపట్టిన అట్టపెట్టెలోంచి ఒకటి తెచ్చాడు. నా కుర్చీ పక్కన, వైరు వేలాడదీసి, సరిగ్గా చెంప ఎత్తులో కట్టాడు. వెలిగించాడు. నేను చెంప దానికి ఆనించుకుని కూర్చున్నాను. ఆనించలేదు, ఆనిస్తే కాలుతుంది. బెత్తెడు ఎడంలో పెట్టాను. వెచ్చగా తగిలింది. కుడి కంటి సందులో ఎర్రటి మరక ఒకటి కనిపించింది. రెండూ కలిశాయి. చుట్ట ఉన్న వైపు చెంప.

అప్పట్నుంచి సాయంత్రాలు అలా గడిచాయి. దీపం వేళకి మా ఆవిడ చుక్కలు వేసి, స్విచ్ వేసి, పక్కన కూర్చుని ఏదో ఒక పని చేసుకునేది. నేను చెంప బల్బు దగ్గర పెట్టి ఆ మరకను చూస్తూ ఉండేవాణ్ని. ఎలగున్నాది అని అడిగేది. ఉన్నాది అనేవాణ్ని. మరక రోజురోజుకీ చిన్నదవుతోందని చెప్పలేదు. ఆవిడ అడిగిన ప్రశ్నకి అది జవాబు కాదు కదా.

ఇక మిగిలింది మొన్న మార్గశిరంలో ఒక సాయంత్రం. చలిగా ఉంది, ఫ్యాను వెయ్యలేదు. మా ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పటుక్కుమని ఒక చప్పుడు, పళ్లెంలో పడ్డ చప్పుడు ఇంకొకటి. పక్కింట్లో టీవీలో సీరియల్ వస్తోంది. నేను మరకను చూస్తున్నాను. అది సన్నబడింది. ఎవరో తలుపును చప్పుడు కాకుండా, నిద్రపోతున్నవాడు లేవకుండా జాగ్రత్తగా, దగ్గరకు వేసినట్టు. కన్ను మూసి తెరిచాను. రుద్దుకున్నాను. తల అటూ ఇటూ తిప్పాను.

"కరెంటు పోయిందేటే?" అన్నాను.

చిక్కుడుకాయల చప్పుడు ఆగింది. 

"పోయినాది," అంది.

నా చెంప మీద బల్బు వెచ్చగా ఉంది.

అబద్ధాలు చెప్పడంలో నాకు అనుభవం ఉంది. ఆవిడకు లేదు. గొంతు కుదరలేదు, ఆగకూడని చోట ఆగింది. ఒరే, ఇది నువ్వు సరిచేసేటప్పుడు చదువుతావు. మీ అక్కకి చెప్పకు. చెబితే నీ పులిహోర క్యారేజీ సంగతి ఊరంతా చెబుతాను.

ఆవిడ లేచింది. గాజుల చప్పుడు నా వెనక నుంచి గోడ దగ్గరకు వెళ్లింది. స్విచ్ టిక్కుమంది, ఎంత మెల్లిగా నొక్కిందో, అయినా టిక్కుమంది. వెచ్చదనం వెంటనే పోలేదు. బల్బు గాజులో కాసేపు నిలబడింది, తరవాత కొంచెం కొంచెంగా దిగిపోయింది. చెంప చల్లబడింది. ఆవిడ వెనక్కి తడుముకుంటూ వచ్చి, కాలు పళ్లేనికి తగిలించుకుని, నా పక్కన కూర్చుంది. ఈనెలు తియ్యడం మళ్లీ మొదలుపెట్టలేదు.

"ఎప్పుడొస్తాదో," అన్నాను.

"వస్తాదిలెండి," అంది. "ఊరంతా ఇలగే ఉన్నాది."

పక్కింటి టీవీలో ఎవరో ఆడమనిషి ఏడుస్తూనే ఉంది.